మినుము మొక్క జమాఖర్చులు: నీరు, నత్రజని



మన దేశంలో మొట్టమొదటి కృషి విజ్ఞాన కేంద్రం 1974లో పుదుచ్చేరిలో ప్రారంభమైంది. కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో అది మొదలైంది. ప్రయోగశాలలో తెలుసుకున్న విషయాన్ని రైతు పొలంలో చేసి చూపించడమే ఇటువంటి కేంద్రాల పని. ఈనాటి మన పాఠం కూడా అదే దారిలో నడుస్తుంది. పొలంలో కనబడే ఒక చిన్న లెక్కతో మొదలుపెట్టి, మొక్క లోపలికి వెళ్లి, తిరిగి పొలానికి వద్దాం.

పుదుచ్చేరి, కారైక్కాల్ ప్రాంతాలలో ఈశాన్య రుతుపవనాల వానలతో పండిన సాంబా వరి కోతకు వచ్చే సమయంలో, అదే మడిలో మినుము చల్లే పద్ధతి ఉంది. అక్కడివారు మినుమును ఉళుందు అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో కృష్ణా, గోదావరి డెల్టాల రైతులకూ ఇది కొత్త కాదు. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోనే భాగమైన యానాం గోదావరి ఒడ్డునే ఉంది కదా! వరి ఇంకా నిలబడి ఉండగానే, కోతకు కొన్ని రోజుల ముందు, తడి నేల మీద విత్తనం చల్లుతారు. దున్నడం ఉండదు. చాలాచోట్ల తర్వాత నీరు పెట్టడం కూడా ఉండదు. నేలలో మిగిలిన తేమతోనే డెబ్బై, ఎనభై రోజులలో పంట చేతికి రావాలి.

ఇక లెక్క. మినుములలో సుమారు 24 శాతం మాంసకృత్తులు ఉంటాయి. మాంసకృత్తులలో నత్రజని దాదాపు ఆరో వంతు. కాబట్టి ఒక క్వింటాలు మినుములలో 4 కిలోలకు కొంచెం తక్కువగా నత్రజని ఉంటుంది. ఎకరాకు 6 క్వింటాళ్లు పండితే, గింజలలోనే సుమారు 23 కిలోల నత్రజని పొలం దాటి వెళ్లిపోతుంది. యూరియాలో నత్రజని 46 శాతం. అంటే 23 కిలోల నత్రజనికి 50 కిలోల యూరియా కావాలి. ఇప్పుడు బజారులో దొరికే బస్తా 45 కిలోలది. మరి మినుముకు శాస్త్రజ్ఞులు సిఫారసు చేసే నత్రజని ఎకరాకు సుమారు 8 కిలోలు మాత్రమే. వరి మాగాణిలో చల్లిన మినుముకు చాలామంది రైతులు అది కూడా వేయరు.

మిగిలిన నత్రజని ఎక్కడి నుండి వచ్చింది? ఆ రాకకు, నేలలోని నీటికి సంబంధం ఏమిటి? ఈ రెండు ప్రశ్నలకు జవాబు తెలిస్తే చిక్కుడు జాతి మొక్క శరీరధర్మంలో ముఖ్యమైన భాగం తెలిసినట్లే.

నీరు చేసే పని

చిక్కుడు, అలసంద, మినుము, పెసర, ఫ్రెంచ్ బీన్స్ అన్నీ లెగ్యూమ్ కుటుంబానికి చెందినవే. వీటి వేళ్లు పీల్చుకున్న నీటిలో నూటికి 95 పాళ్లకు పైగా ఆకుల నుండి ఆవిరై గాలిలో కలిసిపోతుంది. దీన్నే బాష్పోత్సేకం అంటాం.

ఇంత నీటిని మొక్క వృథా చేస్తోందా? కాదు. కిరణజన్య సంయోగక్రియకు కార్బన్ డైఆక్సైడ్ కావాలి. అది లోపలికి రావాలంటే పత్రరంధ్రాలు తెరవాలి. తెరిచిన తలుపు నుండి నీటి ఆవిరి బయటికి పోక తప్పదు. ఈ రకం మొక్కలలో ఒక కార్బన్ డైఆక్సైడ్ అణువు స్థాపన కావడానికి సుమారు 400 నుండి 500 నీటి అణువులు ఖర్చవుతాయి. ఆహారం కోసం మొక్క చెల్లించే ధర ఇది.

నేలలో తేమ తగ్గుతున్నప్పుడు మొక్కలో మార్పులు ఒక వరుసలో వస్తాయి. మొట్టమొదట ఆగేది పెరుగుదల. కణం పెద్దది కావాలంటే లోపలి నీటి పీడనం కణకవచాన్ని సాగదీయాలి. పీడనం కొద్దిగా తగ్గినా కొత్త ఆకులు చిన్నవిగానే ఉండిపోతాయి. తర్వాత అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను మొక్కలో పెరుగుతుంది. దాని ప్రభావంతో రక్షక కణాల నుండి పొటాషియం అయాన్లు బయటికి పోతాయి. వాటి వెంట నీరు పోతుంది. రక్షక కణాలు సడలి పత్రరంధ్రం మూసుకుంటుంది. నీరు ఆదా అవుతుంది, ఆహార తయారీ తగ్గుతుంది.

మిట్టమధ్యాహ్నం ఎండలో అలసంద మొక్కను ఒకసారి గమనించండి. నీరు తక్కువైనప్పుడు దాని ఆకులు సూర్యకిరణాలకు అంచును చూపించేటట్లు తిరుగుతాయి. ఆకు మీద పడే ఎండ తగ్గుతుంది, వేడి తగ్గుతుంది, నీటి ఖర్చూ తగ్గుతుంది. ఇది వాడిపోవడం కాదు, ఆకు కాడ దగ్గర ఉండే కీలు వంటి భాగం చేసే పని.

నత్రజని చేసే పని

పత్రహరితం అణువు మధ్యలో ఒక మెగ్నీషియం పరమాణువు, దాని చుట్టూ నాలుగు నత్రజని పరమాణువులు ఉంటాయి. కార్బన్ డైఆక్సైడ్‌ను పట్టుకునే రుబిస్కో అనే ఎంజైము కూడా మాంసకృత్తే. ఆకులోని నత్రజనిలో దాదాపు నాలుగో వంతు ఈ ఒక్క ఎంజైములోనే ఉంటుంది. ఆకులో నత్రజని తగ్గితే ఆకు ఆకుపచ్చదనం, ఆహారం తయారుచేసే సామర్థ్యం రెండూ తగ్గుతాయి.

నత్రజని లోపించినప్పుడు ముందుగా పసుపు రంగుకు తిరిగేవి కింది ముదురు ఆకులు. మొక్క ముదురు ఆకులలోని మాంసకృత్తులను విడగొట్టి, ఆ నత్రజనిని లేత ఆకులకు, కాయలకు తరలిస్తుంది. ఇంట్లో ధాన్యం నిండుకుంటే గాదె అడుగు ఊడ్చినట్లన్నమాట.

గాలిలో 78 శాతం నత్రజనే. కాని ఆ అణువులోని రెండు పరమాణువులను మూడు బంధాలు గట్టిగా పట్టి ఉంచుతాయి. ఏ మొక్కా తనంతట తాను వాటిని విడదీయలేదు. చిక్కుడు జాతి మొక్కలకు ఇందులో బాక్టీరియా సాయం ఉందని జర్మనీ శాస్త్రవేత్తలు హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ 1880లలో ప్రయోగాలతో నిరూపించారు. 1888లో డచ్ శాస్త్రవేత్త బైయరింక్ వేరు బుడిపెల నుండి ఆ బాక్టీరియాను వేరుచేశారు. ఇప్పుడు మనం రైజోబియం అని పిలిచేది వాటినే. మన లెక్కలో తేలని నత్రజనిలో ఎక్కువ భాగం ఇక్కడి నుండి వస్తుంది. కొంత భాగం నేలలోని సేంద్రియ పదార్థం కుళ్లినప్పుడు విడుదలవుతుంది.

బుడిపె లోపల

బాగా పెరుగుతున్న మినుము మొక్కను మట్టి కదలకుండా పెళ్లగించి, వేళ్లను నీటిలో కడిగి, ఒక బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ ఎరుపు రంగు కనిపిస్తే అది పని చేస్తున్న బుడిపె. తెల్లగా ఉంటే పని ఇంకా మొదలు కాలేదు, లేదా ఆ బాక్టీరియా పనికి వచ్చే రకం కాదు. ఆకుపచ్చ ఛాయలో ఉంటే దాని పని అయిపోయింది.

ఆ ఎరుపు లెగ్‌హీమోగ్లోబిన్‌ది. మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కు ఇది దగ్గరి చుట్టం. దీని అవసరం ఏమిటి? నత్రజనిని అమ్మోనియాగా మార్చే నైట్రోజినేజ్ అనే ఎంజైము ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది. అయితే అదే ఎంజైముకు విపరీతంగా శక్తి కావాలి. ఒక్క నత్రజని అణువుకు కనీసం 16 ఎ.టి.పి. అణువులు ఖర్చవుతాయి. ఆ ఎ.టి.పి. తయారు కావాలంటే శ్వాసక్రియ జరగాలి, శ్వాసక్రియకు ఆక్సిజన్ కావాలి. అంటే బుడిపెకు ఆక్సిజన్ ఉండాలి, కాని స్వేచ్ఛగా తిరగకూడదు. లెగ్‌హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకుని, కావలసిన చోటికి కొద్దికొద్దిగా అందిస్తుంది. బుడిపె వెలుపలి పొరలు కూడా ఆక్సిజన్ రాకను అదుపు చేస్తాయి.

ఈ పనికి ఇంధనం ఆకులు పంపే చక్కెర. ఒక గ్రాము నత్రజని స్థాపనకు సుమారు 6 గ్రాముల కార్బన్ ఖర్చవుతుంది. బాక్టీరియా నత్రజనిని ఉచితంగా ఇస్తుందని మనం అనుకుంటాం. నిజానికి అది కొనుగోలే. ఆకు చక్కెరతో చెల్లిస్తుంది, ఆ చక్కెర కోసం నీటితో చెల్లిస్తుంది. నీరు, నత్రజని వేర్వేరు ఖాతాలు కావని ఇక్కడే మనకు అర్థం కావడం మొదలవుతుంది.

నీరు తగ్గితే ముందుగా దెబ్బతినేది

నీటి ఎద్దడిలో ఆకు వాడిపోవడం మన కంటికి కనిపిస్తుంది. కంటికి కనిపించనిది నేల కింద జరుగుతుంది. సోయా, అలసంద వంటి పంటలలో తేమ తగ్గుతున్నప్పుడు, కిరణజన్య సంయోగక్రియ గట్టిగా దెబ్బతినక ముందే బుడిపెలలో నత్రజని స్థాపన తగ్గిపోతుంది. ఆకు ఇంకా పచ్చగా నిలబడే ఉంటుంది, బుడిపె అప్పటికే పని తగ్గించేస్తుంది. దీనికి మూడు కారణాలు చెబుతారు.

మొదటిది, ఎద్దడిలో బుడిపె వెలుపలి పొరలు ఆక్సిజన్‌ను మరింతగా అడ్డుకుంటాయి. శ్వాసక్రియ మందగించి ఎ.టి.పి. చాలదు. రెండవది, బుడిపెలో సుక్రోజ్‌ను విడగొట్టే ఎంజైము చురుకుదనం పడిపోతుంది. చక్కెర వచ్చినా వాడుకోవడం కష్టమవుతుంది. మూడవది, సరుకు రవాణా. స్థాపన అయిన నత్రజని దారువులోని నీటి ప్రవాహంతోనే పైకి పోవాలి. ప్రవాహం తగ్గి, పైన ఆకులలో వాడకం కూడా తగ్గితే, నత్రజని పదార్థాలు మొక్కలో పేరుకుపోతాయి. నత్రజని సరిపోయింది, ఇక చాలు అన్న సంకేతం బుడిపెకు అందుతుంది.

ఈ మూడవ కారణంలో ఒక ఆసక్తికరమైన తేడా ఉంది. శనగ, బఠాణీ వంటివి నత్రజనిని ఆస్పరజిన్ వంటి అమైడ్ల రూపంలో పైకి పంపుతాయి. సోయా, అలసంద, మినుము, పెసర యూరైడ్లు అనే పదార్థాల రూపంలో పంపుతాయి. యూరైడ్లలో ఒక నత్రజని పరమాణువుకు ఒక కార్బన్ పరమాణువే పోతుంది, ఆస్పరజిన్‌లో రెండు పోతాయి. ఆ లెక్కన యూరైడ్ మార్గం పొదుపైనది. కాని ఈ పొదుపుకు ఒక మూల్యం ఉంది. యూరైడ్లు పంపే మొక్కలలో నత్రజని స్థాపన నీటి ఎద్దడికి త్వరగా లొంగిపోతుందని సింక్లెయిర్, సెరాజ్ అనే శాస్త్రవేత్తలు 1995లో నేచర్ పత్రికలో వెల్లడించారు. నల్లరేగడి నేలలో మిగిలిన తేమ మీద పండే శనగకు, వరి మాగాణిలో మిగిలిన తేమ మీద పండే మినుముకు మధ్య ఉన్న భేదాన్ని ఆలోచించేటప్పుడు వేరు లోతుతో పాటు దీన్నీ గుర్తుంచుకోవాలి.

ఎరువు ఎక్కువ వేస్తే?

బుడిపె పని తగ్గిందని యూరియా గుప్పిస్తే సరిపోతుందా? మొదట, నేలలోని నైట్రేట్ వేరుకు చేరేది నీటితో పాటే. తేమ లేని పై పొరలో చల్లిన యూరియా మొక్కకు అందదు.

తేమ ఉన్నప్పుడు అందుతుంది, కాని మరో మార్పు జరుగుతుంది. నైట్రేట్ దండిగా దొరికినప్పుడు మొక్క తానే కొత్త బుడిపెలు రాకుండా ఆపుతుంది, ఉన్నవాటికి చక్కెర తగ్గిస్తుంది. నేలలోనే సరుకు దొరుకుతుంటే వేరే కర్మాగారాన్ని ఎందుకు పోషించాలి? మొక్క దృష్టిలో ఇది సరైన నిర్ణయమే. రైతు మాత్రం గాలి నుండి రావలసిన నత్రజనికి బదులు బస్తాకు డబ్బు చెల్లిస్తాడు.

మూడవ ఫలితం నీటికి సంబంధించినది. నత్రజని ఎక్కువైన మొక్కలో ఆకులు విరగబడి పెరుగుతాయి, వేళ్లు ఆ స్థాయిలో పెరగవు. పెద్ద ఆకుల విస్తీర్ణం నుండి నీరు త్వరగా ఖర్చవుతుంది. నేలలో ఉన్న తేమ పరిమితమైనప్పుడు, ఏపుగా పెరిగిన పైరే పూత సమయానికి ముందుగా దాహానికి గురవుతుంది.

అలాగని నత్రజని అసలు వద్దనీ కాదు. మొలకెత్తిన తర్వాత బీజదళాలలోని నిల్వ అయిపోతుంది. బుడిపెలు పని మొదలుపెట్టడానికి రెండున్నర, మూడు వారాలు పడుతుంది. మధ్యలో వచ్చే ఈ ఆకలి రోజులను దాటించడానికే ఎకరాకు 8 కిలోల తొలి మోతాదు. ఫ్రెంచ్ బీన్స్ సంగతి వేరు. వాటిలో నత్రజని స్థాపన బలహీనం కాబట్టి ఎరువు సిఫారసు ఎక్కువగా ఉంటుంది. లెగ్యూమ్ అనగానే అన్నింటికీ ఒకే సూత్రం చెప్పకూడదు.

నీరు ఎక్కువైతే?

పుదుచ్చేరి తీరానికి అక్టోబరు నుండి డిసెంబరు వరకు వానలు, తుపానులు మామూలే. నీరు నిలిస్తే మట్టి రంధ్రాలలోని గాలి పోతుంది. ఆక్సిజన్ అందక బుడిపె ఆగిపోతుంది, వేరు సరిగా శ్వాసించలేక నీటిని కూడా పీల్చలేదు. నీటిలో నిలబడిన మొక్క ఆకులు పసుపురంగుకు తిరిగి వేలాడటానికి కారణం ఇదే. పైగా గాలి ఆడని మట్టిలో కొన్ని బాక్టీరియాలు నైట్రేట్‌ను తిరిగి నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి పంపేస్తాయి.

నెలల తరబడి నీరు నిలిచిన వరి మడిలో చిక్కుడు జాతికి తగిన రైజోబియం తగ్గిపోవచ్చు. అందుకే విత్తనానికి రైజోబియం కల్చర్ పట్టించమంటారు. ఎకరం విత్తనానికి 200 గ్రాముల పొట్లం చాలు. తమిళనాట చల్లారిన గంజిలో, ఆంధ్రలో బెల్లం నీళ్లలో కలిపి విత్తనానికి పట్టించి నీడలో ఆరబెడతారు. ఎండలో ఆరబెడితే బాక్టీరియా చనిపోతుంది.

పూత నుండి కాయ వరకు

పంట జీవితంలో అతి సున్నితమైన ఘట్టం ఇది. గింజలోకి మాంసకృత్తులు చేరడం మొదలవుతుంది, నత్రజని గిరాకీ ఒక్కసారిగా పెరుగుతుంది. చక్కెర కోసం కాయలు బుడిపెలతో పోటీ పడతాయి. సరిగ్గా అప్పటికే వరి మాగాణిలో తేమ అడుగంటుతుంది. బుడిపె నుండి రాక తగ్గితే, గింజ తన అవసరాన్ని ఆకుల నుండి లాక్కుంటుంది. ఆకు నత్రజని కోల్పోయి పండిపోతుంది, ఆహార తయారీ ఆగుతుంది. గింజ నింపడానికి పైరు తన ఆకులనే కరిగించుకునే ఈ తీరును సింక్లెయిర్, డి విట్ 1975లోనే లెక్కలతో చూపించారు. నీటి ఎద్దడి దీన్ని మరింత తొందర చేస్తుంది. పూత, పిందె రాలుతాయి, మిగిలిన కాయలలో గింజలు సన్నబడతాయి.

ఈ దశలో 2 శాతం డి.ఎ.పి. ద్రావణాన్ని పూత సమయంలో ఒకసారి, పదిహేను రోజులకు మరొకసారి పిచికారీ చేయమని సిఫారసు ఉంది. ఎకరాకు 200 లీటర్ల నీటిలో 4 కిలోల డి.ఎ.పి. పడుతుంది. అందులో నత్రజని 18 శాతం. రెండు పిచికారీలకు కలిపి ఒకటిన్నర కిలోల నత్రజని కూడా ఉండదు. మన లెక్కలోని 23 కిలోలతో పోల్చి చూడండి. ఆకు పండిపోవడాన్ని కొద్ది రోజులు వాయిదా వేయడమే దీని ప్రయోజనం. ఆ కొద్ది రోజులే గింజ నిండడానికి చాలా విలువైనవి. కాని బుడిపె స్థానాన్ని పిచికారీ భర్తీ చేయలేదు. వీలున్నచోట పూత దశలో ఒక్క తడి ఇస్తే ఆకును, బుడిపెను రెండింటినీ నిలబెట్టినట్లవుతుంది.

పట్టణం తాగే నీరు

ఇది రైతుకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. పుదుచ్చేరి పరిసరాలలో ఊసుడు, బాహూరు వంటి పెద్ద చెరువులు ఉన్నా, సేద్యానికీ తాగునీటికీ ప్రధాన ఆధారం భూగర్భజలమే. తీరం దగ్గర బోర్ల నుండి అతిగా తోడితే సముద్రపు ఉప్పునీరు నేల కింద లోపలికి చొచ్చుకు వస్తుంది. ఉప్పు పెరిగిన నేలలో మొక్కకు నీరు ఉన్నా పీల్చుకోవడం కష్టం. బుడిపెలు ఏర్పడటం కూడా తగ్గుతుంది. చిక్కుడు జాతి పంటలు చాలావరకు ఉప్పును ఓర్చుకోలేవు.

మరోవైపు, ఇసుక పాలు ఎక్కువ ఉన్న నేలలో అధికంగా వేసిన నత్రజని నైట్రేట్‌గా మారి, నీటితో పాటు వేళ్లను దాటి కిందికి ఇంకిపోతుంది. తాగే నీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదని మన దేశ ప్రమాణం. మించిన నీరు ముఖ్యంగా పసిపిల్లలకు ప్రమాదకరం. పొలంలో మొక్క వాడుకోని నత్రజని ఇంట్లో చేదబావికో, బోరుకో చేరవచ్చునన్నమాట. తక్కువ నీటితో, గాలిలోని నత్రజనితో పండే మినుము ఇటువంటి తీరప్రాంతానికి ఎందుకు విలువైన పంటో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

మీరే చేసి చూడండి

అయిదేసి కిలోల మట్టి పట్టే 12 కుండీలు తీసుకోండి. పెంటఎరువు వేయని చేను మట్టి, ఇసుక కలిపి నింపండి. రైజోబియం పట్టించిన అలసంద గింజలు నాటి, కుండీకి రెండు మొక్కలు ఉంచండి. మూడేసి కుండీలతో నాలుగు జట్లు చేయండి. మొదటి జట్టుకు నిండుగా నీరు, యూరియా లేదు. రెండవదానికి నిండుగా నీరు, యూరియా. మూడవదానికి తక్కువ నీరు, యూరియా లేదు. నాలుగవదానికి తక్కువ నీరు, యూరియా. యూరియా ఇచ్చే కుండీలకు 15వ రోజున, 25వ రోజున అర గ్రాము చొప్పున నీటిలో కరిగించి పోయండి.

మొదటి 30 రోజులు అన్నింటికీ సమానంగా నీరు ఇవ్వండి. తర్వాత కుండీలను పూర్తిగా తడిపి, ఒక రోజు నీరు కారనిచ్చి తూకం వేయండి. మొదటి రెండు జట్లను రోజూ ఆ తూకానికి తీసుకురండి. మిగిలిన రెండు జట్లకు, తగ్గిన బరువులో సగం మాత్రమే నీటితో పూరించండి. ప్రతి కుండీ రోజుకు ఎంత బరువు తగ్గిందో రాసుకోండి. అదే దాని నీటి ఖర్చు. 45వ రోజున మొక్కలను పెళ్లగించి బుడిపెలు లెక్కించండి, చీల్చి రంగు చూడండి, ఆకులను గ్రాఫు కాగితం మీద గీసి విస్తీర్ణం కట్టండి.

రెండవ జట్టులో ఆకులు పెద్దవిగా, బుడిపెలు తక్కువగా ఉండటం, నాలుగవ జట్టు త్వరగా వాడటం, మూడవ జట్టు బుడిపెలలో ఎరుపు తగ్గడం కనబడవచ్చు. మీ మట్టిని బట్టి, ఎండను బట్టి అంకెలు మారతాయి. మీకు కనబడినదే రాయండి. పుస్తకంలో ఉన్నదానికి సరిపోయేటట్లు దిద్దవద్దు.

సారాంశం

ఆకు నీరు ఖర్చుచేసి చక్కెర తయారుచేస్తుంది. బుడిపె ఆ చక్కెరను ఖర్చుచేసి నత్రజని ఇస్తుంది. ఆ నత్రజనితోనే ఆకు నిలుస్తుంది. ఈ గొలుసులో నీటి ఎద్దడికి ముందుగా లొంగే కొక్కెం బుడిపె. అధిక యూరియా ఆ కొక్కేన్ని తీసేస్తుంది, పైగా నీటి ఖర్చు పెంచుతుంది. కాబట్టి చిక్కుడు జాతి పంటలో నీటిని, నత్రజనిని విడివిడిగా లెక్క వేయకూడదు.

ఆలోచించండి

1. ఎద్దడిలో ఉన్న మినుము ఆకులు పచ్చగానే ఉన్నాయి. నత్రజని స్థాపన సవ్యంగా ఉందని చెప్పగలమా? ఎలా పరీక్షిస్తారు?
2. మీ ఇంట్లో నెలకు వాడే మినప్పప్పు ఎంత? అందులో నత్రజని ఎంతో లెక్కకట్టండి. అది ఎంత యూరియాకు సమానం?
3. నీరు నిలిచిన మడిలోను, ఎండిన మడిలోను బుడిపె ఆగిపోతుంది. రెండు సందర్భాలలో ఆక్సిజన్ పాత్రను పోల్చి రాయండి.